కార్డు మీద ఊదా మరక

నేను మోస్తున్నది ఒక జత కళ్లద్దాల బరువు. తూస్తే రెండు బిస్కెట్లంత ఉంటుందేమో. ఇంత చిన్న బరువుకు ఇంత అలసిపోయినందుకు నాకే కాస్త నామోషీగా ఉంది. అయినా అలసిపోయాను. ఎన్నేళ్లుగానో మోస్తున్నాను. ఇవాళ దింపుతున్నాను, మీ ముందు.

మీరెవరో నాకు తెలియదు. అదే నాకు వీలు. తెలిసినవాళ్లకు చెప్పాలంటే, ముందు వాళ్లు నన్ను మంచివాణ్ణనుకుంటున్నారో లేదో తేల్చుకోవాలి. అనుకోవడం లేదని తేలితే అదొక కొత్త బాధ.

నేను కళ్లద్దాల షాపులో పనిచేస్తాను. కంటిపరీక్షల మీద నాలుగేళ్ల డిగ్రీ చదివాను. ఈ కథకు డిగ్రీ అక్కర్లేదు. కానీ అప్పట్లో దాన్ని ఎవరూ అడక్కుండానే చెప్పేవాణ్ణి, అలవాటు పోలేదు. అప్పుడు మా షాపు అమీర్‌పేటలో, మైత్రీవనం పక్క సందులో ఉండేది. ఓనర్ మూర్తి గారిది గుంటూరు వైపు. కౌంటర్ దగ్గర ఇద్దరం ఉండేవాళ్లం. నేను, సుధాకర్.

సుధాకర్ సిరిసిల్లవాడు. మరమగ్గాల చప్పుడులో పెరిగాడు. అందుకేనేమో ఎంత గోలలోనైనా ఎదుటివాళ్ల మాట పూర్తిగా వినేవాడు. కంప్యూటర్ కోర్సు కోసం మైత్రీవనానికి వచ్చి, కోర్సు అచ్చిరాక, హాస్టల్ కింద ఉన్న మా షాపులో చేరాడు. పని నేర్పింది నేనే. అన్నం డబ్బాలు కలుపుకుని తినేవాళ్లం. నన్ను అన్నా అని పిలిచేవాడు. ఇక్కడ అందరూ అందరినీ అన్నా అనే అంటారు గానీ, వాడు నిజంగానే అనేవాడు. అది మరీ ఇబ్బంది.

వాడి మీద నాకు అసూయ ఎప్పుడు మొదలైంది? ఒక రోజంటూ చెప్పలేను. పంటినొప్పి ఏ రోజు మొదలైందో ఎవరు చెప్పగలరు? ముందు చల్లనీళ్లు తాగినప్పుడు జివ్వుమంటుంది. తర్వాత ఊరికే కూర్చున్నా ఉంటుంది.

నా చల్లనీళ్లు ఒక చిన్న మాట. "గా తమ్ముడు లేడా?"

నేను కౌంటర్ వెనక నిలబడే ఉంటాను. ఇస్త్రీ చొక్కా, మెడలో కార్డు, కార్డు మీద డిగ్రీ. వచ్చినవాళ్లు నన్ను చూస్తారు, నా భుజం మీదుగా లోపలికి చూస్తారు, ఆ మాట అడుగుతారు. లేడంటే "కూసుంట తీయ్" అని స్టూలు లాక్కుంటారు. వాడు వచ్చి వాళ్ల చెవి వెనక వేలుపెట్టి, "ఈడ గుచ్చుతున్నదా అమ్మా?" అని అడిగి, ఫ్రేము కాడను వేడిచేసి కొంచెం వంచి పెట్టేవాడు. అంతే. అది నేనూ చేసేవాణ్ణి. నేను చేస్తే అద్దాలు సరిపోయేవి. వాడు చేస్తే మనుషులు నవ్వేవారు. శ్రీనగర్ కాలనీ నుంచి వచ్చే ఒకావిడ వాడికి మాగాయ సీసా తెచ్చిచ్చింది. వాడు అందులో సగం నాకు పెట్టాడు. బాగుంది. బాగోకపోయుంటే బాగుండేదనిపించింది.

మీరు నవ్వుకుంటే నవ్వుకోండి. నేనూ నవ్వుకునేవాణ్ణి. షాపులో జోకులేసేది నేనే. అసూయకు జోకు మంచి మూత, వాసన బయటికి రాదు.

ఇక టార్చి సంగతి. అది అర్థం కాకపోతే నా తప్పు మీకు చిన్నదిగా కనిపిస్తుంది.

ఎండలో అతినీలలోహిత కిరణాలు ఉంటాయి. షాపు భాషలో యూవీ. కంటికి కనిపించవు గానీ కంటిని మెల్లగా పాడుచేస్తాయి. వాటిని ఆపే లెన్సు మామూలు లెన్సులాగే తెల్లగా, నీళ్లలా ఉంటుంది. పక్కపక్కన పెడితే నేను కూడా గుర్తుపట్టలేను. కొనేవాళ్లు ఎలా నమ్ముతారు? అందుకని ఒక లెన్సుల కంపెనీ మనిషి మా షాపుకు ఒక చిన్న టార్చి, ఒక తెల్లకార్డు ఇచ్చి వెళ్లాడు. కార్డు మీద టార్చి కొడితే ఊదా మరక పడుతుంది. మధ్యలో లెన్సు అడ్డం పెట్టినప్పుడు మరక పడకపోతే లెన్సు యూవీని ఆపుతున్నట్టు. అమీర్‌పేటలో ప్రతి షాపులోనూ ఈ గారడీ నడిచేది. జనం పిల్లల్లా చూసేవారు.

అది గారడీయేనని నాకు తెలుసు. యూవీ కంటికి కనిపించదు. టార్చి వెలుగు కనిపిస్తోంది. కనిపిస్తోందంటేనే అది యూవీ కాదు, దాని పక్కింటి వెలుగు. ఆ టార్చి నీలికాంతిని ఆపే లెన్సులు అమ్మడానికి చేసింది. కొంచెం పసుపు ఛాయ ఉండే ఆ లెన్సులు మరక పడనివ్వవు. తెల్లటి యూవీ లెన్సు మాత్రం తన పని తాను పూర్తిగా చేస్తూనే ఈ ఊదా వెలుగును వదిలేస్తుంది. దొంగను గేటు దగ్గరే ఆపిన వాచ్‌మన్‌ను, పక్క ఫ్లాటు బాబాయిని లోపలికి రానిచ్చాడని పనిలోంచి తీసేస్తే ఎలా ఉంటుంది? ఆ టార్చితో తెల్ల లెన్సును పరీక్షించడం అలాంటిదే.

ఈ సంగతి నేను సుధాకర్‌కు చెప్పలేదు. అన్నీ నేర్పినవాణ్ణి, ఇదొక్కటే దాచుకున్నాను. ఎందుకు? వాడికి లేనిది నా దగ్గర ఒక్కటైనా ఉండాలి కదా. వాడికి జనం ఉన్నారు, మాగాయ ఉంది. నాకు కాంతిశాస్త్రం ఉంది.

అప్పుడే మూర్తి గారు పంజాగుట్టలో రెండో షాపు తీయడానికి సిద్ధమయ్యారు. దాని బాధ్యత నాదేనని నేను అనుకున్నాను. ఇంట్లో కూడా చెప్పేశాను. ఒక మధ్యాహ్నం ఆయన నన్ను పిలిచి, చాలా మర్యాదగా, "ఏంటంటే, పంజాగుట్టకి సుధాకర్‌ని పంపుదామనుకుంటున్నానయ్యా. నువ్వు చదువుకున్నోడివి, పరీక్ష గదిలో నిన్ను మించినోడు లేడు. అక్కడ మాత్రం జనాన్ని పట్టుకునేవాడు కావాలి" అన్నారు.

మంచిదండీ అన్నాను. నిజంగానే అన్నాను.

అదే రోజు, గంట కూడా కాలేదు, యాదగిరి వచ్చాడు. ఆయన హోంగార్డు, పంజాగుట్ట చౌరస్తాలో ట్రాఫిక్ డ్యూటీ. రోజంతా ఎండలోనే. ఒక కంట్లో ముక్కువైపు నుంచి నల్లగుడ్డు మీదికి కండ పాకుతోంది. ఎండ పడకుండా చూసుకోమని, యూవీ అద్దాలు పెట్టుకోమని డాక్టరు చెప్పాడు. పసుపు ఛాయ నచ్చక తెల్లవి అడిగితే, సుధాకర్ ప్రత్యేకంగా తెప్పించి బిగించాడు. వాడి మాట మీద నమ్మకంతో ఆయన టార్చి గారడీ కూడా అడగలేదు. ఒక కాడ వదులైందని వచ్చాడాయన. సుధాకర్ లెన్సులు తేవడానికి కోఠీ వెళ్లాడు.

"ఇయ్యండి, నేను బిగిస్త" అని చెయ్యి చాచాను.

"పర్వాలేదు సార్, గా తమ్ముడు వచ్చినంక జూపిస్త" అన్నాడు యాదగిరి. స్టూలు లాక్కున్నాడు.

ఒక్క స్క్రూ. ఒక్క స్క్రూ కూడా నన్ను బిగించనివ్వలేదు.

నా చెయ్యి ఇంకా చాచే ఉంది. "తుడిచి ఇస్త, మస్తు దుమ్మున్నది" అన్నాను. ఇచ్చాడు. తుడిచాను. తుడుస్తూనే ఇంకో చేత్తో టార్చి తీశాను. ముందే అనుకున్నానా? ఎన్నోసార్లు నన్ను నేను అడిగాను. అనుకోలేదనే చెప్పాలని ఉంది. కానీ మూర్తి గారు తన కుర్చీలోంచి చూసేదాకా ఆగి టార్చి కొట్టాను. అనుకోనివాడు ఆగడు.

కార్డు మీద ఊదా మరక పడింది.

"అరె" అన్నాను.

నేను ఆడిన అబద్ధం అంతే. ఇన్నేళ్లూ దీన్ని పట్టుకునే బతికాను. నేనేమన్నాను? ఎవరినైనా దొంగ అన్నానా? అరె అన్నాను. ఆశ్చర్యపోవడం నేరమా?

మూర్తి గారు లేచి వచ్చారు. "ఏంటిది? యూవీ అని చెప్పి మామూలుది పెట్టాడా?"

"కార్డు మీకు సుత కనపడ్తున్నది గద సార్" అన్నాను.

యాదగిరి స్టూలు మీంచి మెల్లగా లేచాడు. "అంటే గిన్ని దినాలు ఉత్త అద్దమే పెట్టుకున్ననా?" అన్నాడు. కోపం లేదు. కోపమైతే బాగుండేది. వేలితో ఆ కన్ను తడుముకున్నాడు.

అదే సమయానికి సుధాకర్ లెన్సుల సంచితో వచ్చాడు. విన్నాడు. తనే టార్చి కొట్టి చూశాడు. మరక. లెన్సును గుడ్డతో తుడిచి మళ్లీ కొట్టాడు. మళ్లీ మరక. అప్పుడు, నేను భయపడుతున్న మాటే అన్నాడు.

"అన్నా, జర ఇంకో యూవీ లెన్సు ఇయ్యి. టార్చే ఖరాబైందేమో జూద్దాం."

సరైన ఆలోచన. ఇంకో తెల్ల యూవీ లెన్సు పెట్టి ఉంటే దాంట్లోంచి కూడా మరక పడేది. టార్చి సంగతి అక్కడికక్కడే తేలిపోయేది. వాడు ఇప్పుడే తెచ్చిన సంచిలోనే అలాంటివి ఉన్నాయి. నేను ఆ సంచి ముట్టలేదు. నా వెనక అరలోంచి నీలికాంతి లెన్సు ఒకటి తీసి వాడి చేతిలో పెట్టాను. అది కూడా యూవీని ఆపుతుంది, కాబట్టి అడిగిందే ఇచ్చాను. చూశారా, ఇప్పుడు కూడా వాదిస్తున్నాను.

వాడు నా చేతిలోంచి తీసుకున్న లెన్సును అనుమానించలేదు. పెట్టి కొట్టాడు. కార్డు తెల్లగా ఉండిపోయింది.

అరె అన్నది పొరపాటని ఎప్పుడో ఒకప్పుడు సర్దుకునేవాణ్ణేమో. లెన్సు అందించిన చెయ్యిని ఏం చెయ్యను?

ఆ కార్డు మీద మరక అరనిమిషంలో దానంతటదే పోతుంది. కార్డు మీద.

యాదగిరి అద్దాలు కౌంటర్ మీదే వదిలేసి వెళ్లిపోయాడు. వేరే జత చేయించి ఇస్తామని మూర్తి గారు బతిమాలారు. "ఒద్దు సార్. ఒకపారి నమ్మిన" అన్నాడు. సుధాకర్ గుమ్మందాకా వెంట వెళ్లాడు. ఆయన వెనక్కి తిరగలేదు.

తర్వాత మేమిద్దరం మెట్ల మీద కూర్చున్నాం. ఎప్పుడూ డబ్బాలు విప్పుకునే చోటు అదే. వాడు విప్పలేదు.

"అన్నా, నేను కావాలని జెయ్యలేదు."

"నాకెర్కనే రా."

"మామూలు లెన్సు కవరు, యూవీ కవరు ఒక్క తీరుగుంటయ్ గదా. నేనే తారుమారు జేసిన్నేమో." మూత తీయని డబ్బాను పక్కకు జరిపాడు. "ఆయన కన్ను జూసినవా అన్నా? నన్ను నమ్మి గా ఎండల నిలవడ్డడు."

"అయితుంటయ్ తీయ్" అన్నాను.

"నువ్వు గాబట్టి గిట్లంటున్నవ్. ఇంకొగలైతే తిడ్తుండే." నా మోకాలి మీద చెయ్యి వేశాడు. "మంచిదైంది, నువ్వే పట్టుకున్నవ్. ఇంకో మనిషికి సుత గిట్లనే ఇచ్చేటోణ్ణి."

నాకు కృతజ్ఞత చెప్పాడు. అప్పుడు నాకేమనిపించిందో నిజం రాయాలి కదా. పశ్చాత్తాపం అని రాస్తే మీకు బాగుంటుంది. నాకు ఇంకా అసూయే అనిపించింది. తప్పు చెయ్యకుండా తప్పు ఒప్పుకోవడం కూడా వీడికి నాకంటే బాగా వచ్చే!

సుధాకర్‌ను ఎవరూ తీసెయ్యలేదు. కౌంటర్ దగ్గరికి ఎవరైనా వస్తే వాడే లోపలికి వెళ్లిపోవడం మొదలుపెట్టాడు. ప్రతి కవరు రెండుసార్లు, మూడుసార్లు చదివేవాడు. మూర్తి గారు సంచిలో ఉన్న తెల్ల యూవీ లెన్సులను కోఠీకే తిప్పి పంపి, అలాంటివి తెప్పించడమే ఆపేశారు, దాంతో వాడికి నిజం తెలిసే దారి కూడా పోయింది. కొన్నాళ్లకు మానేశాడు. పంజాగుట్ట షాపు నాకొచ్చింది. అద్దాల తలుపు, ఏసీ, ఎదురుగా చౌరస్తా.

చౌరస్తాలో యాదగిరి.

దీన్ని ఎవరు ఏర్పాటు చేశారో తెలియదు గానీ, వాళ్లకు నాకంటే ఎక్కువ హాస్యం తెలుసు. ఆయన రోజూ పొద్దున నన్ను చూసి చెయ్యెత్తి సెల్యూట్ కొట్టేవాడు. తన కళ్లకు జరిగిన మోసాన్ని పట్టుకున్న సారును కదా. కళ్లకు ఫ్లైఓవర్ కింద కొన్న నల్లటి కూలింగ్ అద్దాలు. వాటిలో యూవీని ఆపేవీ ఉంటాయి, ఆపనివీ ఉంటాయి. ఆపనివైతే ఏమీ పెట్టుకోకపోవడం కంటే ప్రమాదం. నలుపు వెనక చీకటనుకుని కంటిపాప పెద్దదవుతుంది, కిరణాలు ఇంకాస్త ఎక్కువగా లోపలికి పోతాయి. లోపలికి రమ్మని, మంచి అద్దాలిస్తానని ఎన్నోసార్లు పిలిచాను. "తెల్లద్దం ఎండనాపుతదా సార్? మీరే పట్టుకున్నరు గదా గా మోసం" అని నవ్వేవాడు. నా మాటను నా మాటతోనే కొట్టేవాడు, పాపం తెలియకుండా.

మరి సుధాకర్‌కు చెప్పొచ్చు కదా అంటారు. వెళ్లాను. వాడిప్పుడు అమీర్‌పేటలోనే ఒక మ్యాచింగ్ సెంటర్‌లో ఉన్నాడు, చీరలకు జాకెట్టు గుడ్డలు కుదిర్చే షాపు. రోడ్డుకు ఇవతల మెట్రో పిల్లర్ పక్కన నిలబడి చూశాను. షాపులో ఇంకా ఇద్దరు పనివాళ్లు ఖాళీగా ఉన్నారు. ఆడవాళ్లు మాత్రం వాడి కోసమే ఆగి ఉన్నారు. వాడు ఒక చీర కొంగును గుమ్మం బయట ఎండలోకి పట్టుకొచ్చి, గుడ్డ ఆనించి చూసి, తల అడ్డంగా ఊపి, ఇంకో గుడ్డ తెచ్చాడు. ఆవిడ నవ్వింది.

అక్కడ కూడా. మళ్లీ అదే.

తప్పు ఒప్పుకోవడానికి వెళ్లి, అసూయపడి తిరిగొచ్చాను. నాలాంటివాణ్ణి మీరెక్కడైనా చూశారా?

ఈ మధ్య ఒక పొద్దున యాదగిరి తనే షాపులోకి వచ్చాడు. కండ నల్లగుడ్డు మీదికి ఇంకా పాకిందట, కోసి తీయాలన్నారట. అది నా వల్లే పెరిగిందని ఏ డాక్టరూ చెప్పలేడు. దుమ్ముంది, పొగ ఉంది, వయసుంది. నా వల్ల కాదని కూడా ఏ డాక్టరూ చెప్పలేడు. నాతో ఉండిపోయింది ఈ రెండో మాటే.

కూలింగ్ అద్దాలు తీసి నా ముందు పెట్టాడు. "జర మీ టార్చి కొట్టి జూడు సార్, గివి అసల్వా నకిల్వా."

కొట్టాను. అద్దం నల్లనిది కదా, కనిపించే వెలుగంతా మింగేసింది. కార్డు తెల్లగా ఉంది.

"అసల్వే!" అన్నాడు. ముఖం వెలిగిపోయింది.

అప్పుడు నా చేతులు ఆగిపోయాయి. ఆ టార్చి మంచిదాన్ని చెడ్డదంది, ఇప్పుడు మరోదాన్ని మంచిదంటోంది. రెండుసార్లూ టార్చి పట్టుకున్నది నేను. ఊరుకుంటే ఆయన సెల్యూట్ కొట్టి, అవే పెట్టుకుని మళ్లీ ఎండలోకి వెళ్తాడు. ఈసారి అరె అనాల్సిన పని కూడా లేదు.

పంజాగుట్ట షాపులో యూవీని నిజంగా కొలిచే చిన్న యంత్రం ఉంది. కూలింగ్ అద్దాలు అందులో పెట్టాను. ఎర్రదీపం వెలిగింది. తర్వాత సొరుగు తెరిచి, అడుగునుంచి పాత జత తీశాను. అమీర్‌పేట నుంచి తెచ్చుకున్నాను. పారెయ్యడానికి చెయ్యి రాలేదు, ఇవ్వడానికీ రాలేదు. పెట్టాను. పచ్చదీపం.

ట్రాఫిక్‌లో పనిచేసే మనిషికి ఎరుపేమిటో పచ్చ ఏమిటో విడమర్చి చెప్పక్కర్లేదు.

"గివి నావే" అన్నాడు.

"మీవే. సుధాకర్ ఇచ్చినవి మంచివే అన్నా. గా టార్చితోని తెల్వదు. ఆ దినం నాకెర్కనే."

"ఎర్కుండి..." అని ఆగిపోయాడు. ఎందుకని అడుగుతాడనుకున్నాను. జవాబు కూడా సిద్ధం చేసుకున్నాను, బాగానే ఉంది. అడగలేదు. పాత అద్దాలు తీసి చొక్కా అంచుతో తుడుచుకున్నాడు. పెట్టుకున్నాడు. ఒక కాడ ఇంకా వదులుగానే ఉంది. స్క్రూడ్రైవర్ తీశాను. తల వెనక్కి తీసుకున్నాడు.

తలుపు దగ్గర ఆగి, "గా పిలగానికి జెప్పినవా?" అన్నాడు. మొదటిసారి సార్ అనలేదు.

లేదన్నాను.

ఆయన ఇప్పుడు టోపీ కిందికి లాక్కుని, ఆ తెల్లద్దాలతో చౌరస్తాలో నిలబడుతున్నాడు. కాడను పక్కకు జారకుండా దారంతో కట్టుకున్నాడు. మా షాపు వైపు చూడడు. సెల్యూట్ లేదు. పొద్దున తలుపు తీసేటప్పుడు చెయ్యి అలవాటుగా కొంచెం పైకి లేస్తుంది, జుట్టు సర్దుకుంటాను.

సుధాకర్ దగ్గరికి మళ్లీ వెళ్తానా? వెళ్లాలి. వెళ్తే ఆ ఆడవాళ్ల మధ్యలోంచి వాడు నన్ను చూసి "అన్నా!" అని నవ్వుతాడు. స్టూలు వేస్తాడు. చాయ్ తెప్పిస్తాడు. అదంతా తట్టుకుని చెప్పాలి. ఇప్పటికి నాకు అంత బలం లేదు. ఉందని రాస్తే ఇది ఇంకో అరె అవుతుంది. సొరుగు మాత్రం ఖాళీ అయింది. దాన్ని తెరిస్తే ఇవాళ చెక్క కనిపించింది, ఉత్త చెక్క. కాసేపు చూస్తూ కూర్చున్నాను.

వాడికి చెప్పాల్సినవి రెండే మాటలు. ముందు ఇక్కడ రాసుకుంటున్నాను, చెయ్యి అలవాటు పడుతుందని.

తమ్ముడూ, నువ్వు కవర్లు తారుమారు చెయ్యలేదు. తెలిసి తెలిసీ, ఆ లెన్సు నీ చేతిలో పెట్టింది నేనే.